లోపలనే కూర్చొనవలెను

అరచేతి చెమటకి కాగితం మెత్తబడిపోతోంది. కాగితం రాసిచ్చిన అబ్రహాముగారిది ఇంకు పెన్ను, రాత ఎక్కడ అలుక్కుపోతుందోనని ఆదెమ్మ దాన్ని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చింది, అక్కణ్ణుంచి పాటల పుస్తకంలో పెట్టింది, పెట్టిన మరుక్షణం మళ్ళీ తీసేసింది, ఎందుకంటే తీరా పేరు పిలిచాక అది ఏ పేజీలో ఉందో దొరక్కపోతే, మైకు ముందు నిలబడి పేజీలు తిప్పుకుంటూ ఉండిపోతే, ఇంత వయసొచ్చాక అక్షరాలు దిద్దుకున్న మనిషి ఏం చదువుతుందిలే అనుకునేవాళ్ళకి చదవకముందే జవాబు దొరికిపోతుంది. ఇవాళ స్త్రీల ఆదివారం. ఏడాదికి ఒక్క ఆదివారం చర్చిలో అన్నీ ఆడవాళ్ళే చేస్తారు, మగవాళ్ళెవరూ మైకు ముట్టుకోరు, ప్రార్థన ఒకరు, పాట ఒకరు, ప్రసంగం విజయవాడ నుంచి వచ్చిన అమ్మగారు, ప్రసంగం అయ్యాక ప్రకటనలు ఆదెమ్మ. ప్రకటనలే కదా అంటే ప్రకటనలే, కానీ పామర్రు పక్కన ఈ ఊరికి కాపురానికి వచ్చి, ఇక్కడే బిడ్డని పెంచి, ఇక్కడే భర్త జక్కయ్యని మట్టిలో పెట్టిన ఆదెమ్మ ఈ గోడల మధ్య లేచి నిలబడి ఒక్క ముక్క చదివింది లేదు. ఒక్క తప్పు రాకూడదు. ఒక్క దీర్ఘం తగ్గకూడదు, ఒక్క వత్తు జారకూడదు. నిన్నంతా బియ్యం ఏరుతూ చదివింది, పొయ్యి ముందు చదివింది, గేదెకి కుడితి పెడుతూ చదివితే గేదె కూడా తలూపిందని కోడలు శాలిని పడీ పడీ నవ్వింది.

కరకరకర. అదిగో మళ్ళీ. వసారాలో నాపరాళ్ళ మీద మనవరాలు చిన్ని తన కొయ్య బండి లాగుతోంది. శాలిని పుట్టిల్లు కొండపల్లి, వాళ్ళ మేనమామ బొమ్మలు చేస్తాడు, మనవరాలు నడక నేర్చినప్పుడు ఎడ్లబండి చేసి పంపాడు, ఎద్దు కొమ్ము ఒకటి ఎప్పుడో విరిగింది కానీ చక్రాలు మాత్రం ఊరంతటికీ వినపడేలా తిరుగుతాయి. కరకర వినపడగానే ఆదెమ్మకి ముందు వరసల్లో మెడలు తిరిగిన సంగతి చూడకుండానే తెలిసిపోయింది, ఆ ముసుగుల సవ్వడి వేరు, ఆ తరువాత నాలిక మీద కొట్టే చిన్న చప్పుడు వేరు. పక్కన కూర్చున్న బుల్లెమ్మ అయితే చప్పుడుతో ఆగదు. "మా రోజుల్లో ఒక్క చూపు చూస్తే పిల్లలు బిగుసుకుపోయేవాళ్ళొదినా," అంది చెవిలో. నిజమే, బుల్లెమ్మ పిల్లలు చర్చిలో ఎన్నడూ అల్లరి చేయలేదు, వాళ్ళని చర్చికి తెచ్చింది లేదు కాబట్టి, తన తల్లి దగ్గర వదిలేసి పూలు పెట్టుకుని ముందు వరసలో కూర్చునేది. పొద్దున శాలిని అన్న మాట ఆదెమ్మ లోపల తిరుగుతోంది. తల దువ్వుకుంటూ, అద్దంలోంచే, "అత్తయ్యా, ఇవాళ కూడా నన్ను వసారాలో కూర్చోబెడితే ఇంక నేను చర్చికి రానండీ. మీరు చదివేది కూడా కిటికీలోంచే వినాలా నేను," అంది. కోపంగా అనలేదు, అదే భయం, శాలిని కోపంగా అన్నవి సాయంత్రానికి పోతాయి, మెల్లగా అన్నవి ఉండిపోతాయి. కూర్చోబెట్టరులేవే అని ధైర్యం చెప్పి తీసుకొచ్చింది తనే. మొదటి పాట సగంలో ఉండగానే చిన్ని లేచి, పాటలో లేని మాటలు పాట కంటే గట్టిగా పాడేసరికి, మగవాళ్ళ వైపు నుంచి అబ్రహాముగారు నోరు మెదపకుండా చూపుడు వేలు తలుపు వైపు చూపించారు. అంతే. శాలిని ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో బండిని తీసుకుని, అందరి మోకాళ్ళకీ సారీ చెప్పుకుంటూ బయటికి నడిచింది.

అబ్రహాముగారు చెడ్డవాడేం కాదు, సంఘ పెద్ద, ఆయన కోడలు కూడా చంటివాణ్ణి వేసుకుని ఆ వసారాలోనే ఉంది, రూలు అంటే మా ఇంటికీ రూలేనండీ అని ఆయన గొప్పగా చెప్పుకుంటారు. ఆయన బాధంతా ఆ స్టాండు మీద ఫోను గురించి. ఆదివారం ఆరాధన లైవు పెడుతున్నప్పటి నుంచీ, కువైట్‌లో పనికి వెళ్ళిన ఊరి ఆడవాళ్ళు అక్కడి వంటిళ్ళలో చూస్తున్నారు, ఎవరో ఫోన్ చేసి పిల్లల గోల తప్ప వాక్యం వినపడటం లేదన్నారట, అప్పటి నుంచి ఆయనకి దగ్గు వినిపించినా ఉలుకే. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అమ్మగారు ప్రసంగంలో పిల్లల పెంపకం దగ్గరికి వచ్చారు, షాపుల్లో చూడండి, బస్సుల్లో చూడండి, పిల్లలు నేల మీద దొర్లుతుంటారు, తల్లులు ఫోన్లు చూసుకుంటుంటారు, అంటున్నారు, మెడలన్నీ అవునవునంటూ ఊగి, ఊగినవి ఊగినట్టే కిటికీ వైపు తిరిగాయి, కిటికీ అవతల శాలిని జడ, పక్కన ఇంకెవరిదో భుజం మీద తువ్వాలు.

బెజవాడ హోటల్లోనూ ఇలాగే తిరిగాయి. పోయిన నెలలో, ఈ చదివే కళ్ళజోడు కొనడానికి వెళ్ళినప్పుడు, బస్టాండు దగ్గర హోటల్లో దోసెలు చెప్పి కూర్చున్నారు. చిన్ని స్పూనుతో పళ్ళెం మీద వాయించింది, తరువాత బల్ల కింద దూరి ఎవరివో చెప్పులు లెక్కపెట్టింది, పైకి లేస్తూ సాంబారు గిన్నెని తలతో గుద్దింది. పక్క బల్ల ఆయన తన మీద ఒక్క చుక్క పడకపోయినా చొక్కా దులుపుకుని, పెళ్ళాంతో అంటున్నట్టు అందరికీ వినపడేలా, "కనగానే సరా, పెంచడం రావాలి," అన్నాడు. శాలిని దోసె సగం వదిలేసి లేచిపోయింది. చిన్ని జుట్టులో సాంబారు, శాలిని కళ్ళలో నీళ్ళు, పైన ఎండ. ఆదెమ్మకి మాత్రం ఒక సంగతి ఆ రోజు తట్టలేదు, ఇప్పుడు, ఈ ఫ్యాను కింద తడుతోంది, అంతసేపూ ఆ పెద్దమనిషి ఫోన్లో ఎవరో గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నారు, దానికి ఎవరూ మెడ తిప్పలేదు.

మెడల సంగతి ఆదెమ్మకి కొత్తా. శాలిని కూర్చున్న చోటే తను కూర్చుంది, అప్పుడు వసారా మీద రేకులు లేవు, తాటాకులు, వానొస్తే కొంగు పిల్లాడి మీద, వాన వీపు మీద. కొడుకు డేనియల్‌ని లోపల కూర్చోబెట్టడం ఎవరి తరం, వాడు పాకడం కంటే ముందు ఎక్కడం నేర్చాడు, బల్లలెక్కాడు, కిటికీ ఎక్కాడు, ఒకసారి ప్రసంగం మధ్యలో గంట తాడు పట్టుకుని ఉయ్యాల ఊగితే గంట మోగింది, పొలాల్లో ఉన్నవాళ్ళు ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ తల్లికి పెంపకం తెలీదు అన్నారు, తండ్రి మెతక అన్నారు, ఆ వేళ జక్కయ్య తలొంచుకుని నడిచాడు. ఇప్పుడు అదే డేనియల్ థర్మల్ స్టేషన్‌లో చూస్తే కళ్ళు తిరిగే ఎత్తుల మీద బోల్టులు బిగిస్తున్నాడు, ఆదివారం కూడా డ్యూటీయే. వసారాలో తల్లులకి దేవుడు కిటికీ ఊచల మధ్యనుంచి ముక్కలు ముక్కలుగా వచ్చేవాడు. పాటలు గట్టిగా పాడతారు కాబట్టి మొత్తం వచ్చేవి, ప్రసంగం మాత్రం వచ్చేది కాదు, ఏ మంచిమాట దగ్గరో ఒక పిల్ల ఏడ్చేది, ఏ కథ చివరో ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకునేవాళ్ళు. ఇంటికి పోతూ కాలవ గట్టు మీద అడిగేది, అయ్యగారు ఏం చెప్పారు ఇవాళ అని. జక్కయ్య కాస్త ఆలోచించి, "ఏముంది, మంచిగా ఉండమన్నారు," అనేవాడు. అన్నేళ్ళ ప్రసంగాలూ ఆదెమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు మాటలయ్యాయి. ఆయన మీద కోపం రాలేదు ఎప్పుడూ, ఆయన చెప్పింది అబద్ధమూ కాదు, కానీ మధ్యలో ఇంకా ఏదో ఉండి ఉంటుంది కదా, గంటసేపు మనిషి నిలబడి మాట్లాడితే.

ఆ మధ్యలో ఉన్నదాని కోసమే అక్షరాలు. జక్కయ్య పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతే, కడుపుతో ఉన్న శాలిని పాటల పుస్తకం ఒళ్ళో పెట్టి, "మీకు పాటలన్నీ నోటికి వచ్చుగా అత్తయ్యా, ఇందులో ఉన్నవి మీకు తెలిసిన మాటలే, నోట్లో ఉన్నవాటిని కాగితం మీద వెతుక్కోండి," అంది. చీపురు పుల్ల ఒకటి విరిచి, మాట కింద మాట పెట్టుకుంటూ వెతికింది. చెరువులో చేపని చేత్తో తడిమినట్టు, ఉందని తెలుసు, ఎక్కడుందో తెలీదు. దొరికిన రోజు వంటింట్లోంచి అరిచింది. చిన్ని పుట్టేలోపు పుస్తకం సగమైంది, అందుకే ఆ పిల్లకి గొంతు అంత అని డేనియల్ వేళాకోళం, కడుపులో ఉండగా వాళ్ళ నాయనమ్మ అరుపులన్నీ విన్నదట. ఒక్కటే చిక్కు. మాట మొదలు కనపడగానే నోరు ముందు పరిగెత్తి అలవాటున్న మాట అనేస్తుంది, కన్ను వెనకబడుతుంది. శాలిని ఊరుకోదు. నోటితో కాదు అత్తయ్యా, కంటితో చదవండి, అంటుంది, పుల్ల తిప్పి వెనక్కి పెడుతుంది.

కంటితో చదవాలి. ఆదెమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం విప్పింది. మొదటి ప్రకటన బుధవారం స్త్రీల కూడిక, అది వచ్చు. రెండోది చక్రి వాళ్ళ గృహప్రవేశం ప్రార్థన, భోజనాలు అక్కడే, అదీ వచ్చు. మూడోది నిన్న లేదు. పొద్దున అబ్రహాముగారు చర్చి గుమ్మంలో కాగితం ఒకసారి ఇటివ్వండమ్మా అని తీసుకుని, గోడకానించి, అడుగున రెండు వరసలు రాసిచ్చారు. కొత్తది. ఇంతసేపూ దాని జోలికి వెళ్ళలేదు, భయమేసి. ఇప్పుడు వేలు పెట్టుకుని వెళ్ళింది. చంటి బిడ్డలతోను, అల్లరి పిల్లలతోను వచ్చు తల్లులు, వేలు ఆగింది, ఆరాధన ముగియువరకు, కాగితం అంచు వచ్చేసింది, కింది వరస, లోపలనే కూర్చొనవలెను.

లోపలనే. ఆదెమ్మ ఊపిరి గట్టిగా వదిలితే బుల్లెమ్మ చూసింది. లోపలనే కూర్చొనవలెను. అంటే అబ్రహాముగారే, ఎవరూ అడక్కుండానే, ఆ వేలు చూపించిన మనిషే. అబ్బ, మనుషుల్ని ఎంత తేలిగ్గా అనేసుకుంటాం, ఆయన మనసులో ఈ మాట పెట్టుకుని కూర్చున్నారన్నమాట, స్త్రీల ఆదివారం నాడు ఆడమనిషి నోటితోనే చెప్పించాలని. అమ్మగారి ప్రసంగం ఎక్కడికో వెళ్ళిపోయింది, ఫ్యాను గాలి చల్లగా తగులుతోంది, ఆదెమ్మకి ఆ వసారా తాటాకుల రోజు నుంచీ ఈ రేకుల రోజు దాకా అక్కడ కూర్చున్న తల్లులందరూ లేచి చాపలు దులుపుకుంటున్నట్టు కనపడింది. చదివేటప్పుడు ఆ మాట కాస్త ఒత్తి చదవాలి. ఎక్కడ ఒత్తాలో చూసుకుందామని మళ్ళీ వేలు పెట్టింది. ముగియువరకు. తరువాత అంచు దగ్గర ఏదో ఉంది. సిరా మరకేమో అనుకుంది ఇందాక. మరక కాదు. అక్షరం. కంటితో చదవండి అత్తయ్యా. వె. చోటు చాలక మాట విరిగి అంచున ఒక్కటే మిగిలిపోయిన వె. కింది వరస మొదట ఉన్నది 'లో' కాదు, 'లు'. వెలుపలనే కూర్చొనవలెను.

ఎవరంటారు ఆ మాట. ఈ చుట్టుపక్కల ఎవరైనా పిల్లాణ్ణి వెలుపల ఆడుకోరా అంటారా, బయట అంటారు, వెలుపల అనేది కాగితాల్లోనే ఉంటుంది, అందుకే నోరు దాన్ని దాటేసి తెలిసిన మాట పట్టుకుంది. చేతిలో కాగితం బరువెక్కింది. ఇన్నాళ్ళూ వేలు. ఇప్పుడు మైకులో చెప్తే అది రూలు, కువైట్ దాకా రూలు. అది చెప్పేది ఆదెమ్మ. పిల్లని చంకనేసుకున్న కోడలు కిటికీ ఊచల్లోంచి తొంగి చూస్తుండగా, ఆ కోడలే నేర్పిన అక్షరాలతో. ఎందుకు నేర్చుకున్నట్టు మరి. మూడోది చదవకుండా కూర్చుంటే, ఒకటి మర్చిపోయారమ్మా అంటారు, అమ్మగారి చేత చదివిస్తారు, అమ్మగారికి తప్పు రాదు. చదివి, ఇది నాకు నచ్చలేదండీ అంటే, కమిటీకి చెప్పుకోమంటారు, కమిటీలో ఉన్నవాళ్ళెవరూ ఎన్నడూ వసారాలో కూర్చోలేదు. తప్పు రాని వాళ్ళెవరి చేతుల్లోకి వెళ్ళినా ఈ కాగితం వెలుపలనే అంటుంది. తప్పు చదివే హక్కు ఈ చర్చి మొత్తంలో ఒక్క మనిషికే ఉంది, ఆ మనిషి నుంచి అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. బుల్లెమ్మ అయితే ఏ మాట దగ్గర తడబడుతుందా అని చెవి ఇటే పెట్టింది. ఒక్క తప్పు రాకూడదనుకుంది. నిన్నంతా బియ్యంలో రాళ్ళతో పాటు తప్పులు ఏరింది. ఏరిపారేసిన ఆ తప్పుల్లో ఒకటి ఇప్పుడు కావాలి, అదీ నిజమైన తప్పులా ఉండాలి, ముసలిదానికి చూపు ఆనలేదు పాపం అనేలా ఉండాలి. అంటారు. వారం రోజులు అంటారు, బావి దగ్గర అంటారు, ఆదెమ్మ చదువు ఇంతేనని నవ్వుతారు. నవ్వనీ. కరకరకర. ఆ కరకర ఇప్పుడు చెవికి హాయిగా ఉంది.

"ప్రకటనలు, సహోదరి ఆదెమ్మగారు."

మోకాళ్ళు పట్టుకుని లేచింది. మైకు పొడుగ్గా ఉంటే అమ్మగారు వంచారు. ఎదురుగా ఫోను నల్లటి కన్నేసుకుని చూస్తోంది, దాని వెనక అబ్రహాముగారు. కిటికీలో చూసింది, శాలిని ఊచలు పట్టుకుని నిలబడింది, మొదటిసారి బడికి పంపిన పిల్లని చూసే తల్లిలా. బుధవారం స్త్రీల కూడిక ఒక్క తప్పు లేకుండా వచ్చింది. గొంతు తనదే, గోడలకి తగిలి పెద్దదై తిరిగి వచ్చింది. గృహప్రవేశంలో ఉన్న ఋ కూడా ఋలాగే పలికింది, బుల్లెమ్మ చెవి దించుకుంది. మూడోది. ఆదెమ్మ వేలు వె మీద పెట్టింది, సరిగ్గా దాని మీదే, ఎవరికీ కనపడకుండా, తనకి కూడా.

"చంటి బిడ్డలతోను, అల్లరి పిల్లలతోను వచ్చు తల్లులు, ఆరాధన ముగియువరకు, లోపలనే కూర్చొనవలెను."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అబ్రహాముగారు సగం లేచారు. మైకు వైపు చూశారు, స్త్రీల ఆదివారం, ఫోను వైపు చూశారు, కువైట్. ఆదెమ్మ కళ్ళజోడు తీయకుండా కిటికీ వైపు తిరిగి, "విన్నారు కదమ్మా, సంఘం వారి ప్రకటన. రండి, వచ్చి లోపల కూర్చోండి," అంది.

తరువాత గుమ్మంలోకి ముందుగా వచ్చింది ఎద్దు, ఒంటికొమ్ముది, దాని వెనక బండి, దాని వెనక చిన్ని. కొత్త టైల్సు మీద చక్రాల చప్పుడు నాపరాళ్ళ మీద కంటే ఎక్కువగా ఉంది. శాలిని వచ్చింది, పక్కింటి పిల్ల బిడ్డనెత్తుకుని వచ్చింది, అబ్రహాముగారి కోడలు ఇటూ అటూ చూస్తూ గుమ్మం దాటింది, చంటివాణ్ణి కింద దించీ దించగానే వాడు ఆడవాళ్ళ చాపలన్నీ దాటుకుని మగవాళ్ళ వైపు పాకాడు, పాకుతూ పాకుతూ పోయి తాతగారి పంచె పట్టుకుని నిలబడి, చర్చి అదిరేలా "తా" అన్నాడు. సగం లేచి ఉన్న అబ్రహాముగారు మిగతా సగం వాడి కోసం వంగారు. ఎత్తుకున్నారు. ఎత్తుకున్న మనిషి ఇంక వేలు ఎటు చూపిస్తాడు, రెండు చేతులూ వాడితోనే సరిపోయాయి. అమ్మగారు దీవెన మొదలుపెట్టారు, ప్రతి మాటకీ ఏదో ఒక మూల నుంచి ఏదో ఒక గొంతు బదులిచ్చింది, అంతా లైవులో వెళ్ళింది.

ఆదెమ్మ వచ్చి చాప మీద కూర్చుంది. నవ్వు వస్తోంది. "చూపు ఆనలేదా వదినా," అంది బుల్లెమ్మ, తియ్యగా. "ఆనలేదమ్మా, కొత్త కళ్ళజోడు," అంది ఆదెమ్మ, ఇంకా తియ్యగా. శాలిని ముసుగు సర్దుకుంటూ పక్కన ఒదిగి కూర్చుని, అత్తగారి చేతిలో కాగితం తీసుకుంది, పంతులమ్మ పలక తీసుకున్నట్టు. చదివింది. మళ్ళీ చదివింది. అంచు దగ్గర చెమటకి అలుక్కుపోయిన చోట గోరు పెట్టి, గొంతు తగ్గించి, "అత్తయ్యా, ఇక్కడ వె ఉందండీ," అంది.

"ఉందమ్మా," అంది ఆదెమ్మ. "కంటితోనే చదివాను."

శాలిని ఆమె ముఖంలోకి చూసింది. అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది, అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా పగలబడింది, అమ్మ నవ్వుతోందని చిన్ని ఇంకా గట్టిగా నవ్వింది. దీవెన మధ్యలో ముందు వరసల్లో ముసుగులు కదిలాయి, మెడలు వెనక్కి తిరిగాయి. ఆదెమ్మ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఒక్కొక్క మెడనీ, ఒక్కొక్క ముఖాన్నీ, తిరిగినవి తిరిగినట్టే ముందుకి మళ్ళిపోయేదాకా, తీరిగ్గా, కంటితో చదివింది.